మంద నడవగలిగినంత

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో సిల్వర్ ఫాల్స్ అనే అటవీ ఉద్యానవనం ఉన్నది. అక్కడ వాగు వెంబడి 7 మైళ్లకు పైగా సాగే కాలిబాటలో 10 జలపాతాలు కనబడతాయి. 177 అడుగుల దక్షిణ జలపాతం వెనుక నుండి కూడా నడవవచ్చును. గట్టి రాతి క్రింది మెత్తని పొర అరిగిపోయి ఆ దారి ఏర్పడింది.

బాటలోనికి దిగడానికి పలుచోట్ల దారులున్నాయి. పడుచువారు అంతా చుట్టి రావచ్చును. మోకాళ్ల నొప్పిగల అమ్మమ్మ గట్టుమీద నుండే ఆ జలధార చూడవచ్చును.

యాకోబు ఏశావుతో సమానంగా పరుగెత్తలేదు, పసిపిల్లల నడకను, మందల నడకను బట్టి మెల్లగా సాగాడు (ఆది. 33:14). మన కుటుంబ ప్రార్థనయు ఆలాగే ఉండాలి. గంటసేపు కూర్చోలేని బిడ్డను, మంచం పట్టిన తాతను విడిచి ముగించిన ప్రార్థన ఎవరి కొరకు? ఈ రాత్రి తాత మంచం ప్రక్కనే, ఒక్క పాటతో ఆరంభించండి.