పద్దెనిమిదేళ్లు నిండితే తండ్రి బాధ్యత తీరిపోతుందా?

వాక్యభాగం: ఆదికాండము 21:8-21



కొంతకాలం క్రితం ఆదివారం ఆరాధన ముగిశాక ఒక సహోదరి మా దగ్గరకు వచ్చింది. ఆమె భర్త విడిపోయి వేరే ఊళ్లో ఉంటున్నాడు. కోర్టు ఆర్డరు ప్రకారం కుమార్తెకు నెలనెలా భరణం పంపేవాడు. బిడ్డకు 18 ఏళ్లు నిండాయి, ఆ నెల నుంచే డబ్బు ఆగిపోయింది. "అయ్యగారూ, పాపకు నర్సింగులో సీటు వచ్చింది. వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తే, కోర్టు చెప్పినన్నాళ్లు ఇచ్చాను, ఇక నాకు సంబంధం లేదన్నాడు" అని కన్నీళ్లు పెట్టుకుంది.

చట్టం ప్రకారం చూస్తే ఆయన మాట చాలావరకు నిజమే. పూర్వం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లో ఉండి, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్‌లోకి వచ్చిన నియమం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. దాని ప్రకారం బిడ్డకు భరణం మైనారిటీ తీరేవరకే. శరీరంలోగాని మనస్సులోగాని వైకల్యం ఉండి తనను తాను పోషించుకోలేని బిడ్డకు ఆ తర్వాత కూడా ఇవ్వాలి. పెళ్లయిన కుమార్తెకు మాత్రం ఈ మినహాయింపు లేదు. పెళ్లికాని హిందూ కుమార్తె తనను తాను పోషించుకోలేకపోతే పెళ్లి వరకు తండ్రిని అడగవచ్చని 1956 నాటి హిందూ చట్టం చెబుతోంది. 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా దాన్ని స్పష్టం చేసింది. క్రైస్తవులమైన మనకు అలా రాసిపెట్టిన చట్టం లేదు. పక్కింటి ఆడబిడ్డకు చట్టం ఇచ్చిన ఆసరా మన బిడ్డకు మన మనస్సాక్షి ఇవ్వాలి. ఇవ్వకపోతే మన సాక్ష్యం ఏపాటిది?

ఆలోచించండి. మన పిల్లలు ఇంటర్ ముగించేది పదిహేడు, పద్దెనిమిదేళ్లకే. డిగ్రీ, నర్సింగు, ఇంజనీరింగు ఫీజులు, హాస్టలు ఖర్చులు అప్పుడే మొదలవుతాయి. సరిగ్గా ఆ గడపలోనే భరణం ఆగుతుంది. 2021 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో, కొడుక్కి 18 నిండినంత మాత్రాన భారమంతా తల్లి మీద వేయకూడదని, అతని డిగ్రీ పూర్తయ్యేవరకో సంపాదన మొదలయ్యేవరకో తల్లికి నెలకు 15,000 రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది. అన్ని కోర్టులూ అలా చెబుతాయని అనుకోలేము.

ఇప్పుడు వాక్యభాగానికి వద్దాం. ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాహాముకు 86 ఏండ్లు, ఇస్సాకు పుట్టినప్పుడు 100 ఏండ్లు. ఇస్సాకు పాలు విడిచిన తర్వాత హాగరును, ఆమె కుమారుని పంపివేశారు. లెక్క చూస్తే ఆ చిన్నవానికి అప్పటికి పదహారు, పదిహేడేళ్లు ఉండవచ్చు. అంత ఆస్తిపరుడైన తండ్రి చేతినుంచి వారికి దక్కింది రొట్టె, ఒక నీళ్ల తిత్తి. బెయేర్షెబా అరణ్యంలో ఆ నీళ్లు అయిపోయాయి.

పంపివేయడానికి దేవుడే ఒప్పుకున్నాడు గదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ ఆ బిడ్డను నేను చూసుకుంటానని దేవుడు ముందే మాట ఇచ్చాడు. ఆ మాట చొప్పున చిన్నవాని మొర విన్నాడు, నీళ్ల బావి చూపించాడు, అతడు పెరిగి పెద్దవాడయ్యేవరకు తోడుగా ఉన్నాడు. చివరికి పెళ్లి సంబంధం చూసింది కూడా ఒంటరి తల్లే. పరలోకపు తండ్రి ఏ పుట్టినరోజు నాడూ తన చెయ్యి తీసేయలేదు. తన ఇంటివారిని పోషించనివాడు విశ్వాసాన్ని కాదన్నట్టేనని పౌలు రాశాడు (1 తిమోతికి 5:8). ఆ మాటకు ఆయన వయస్సు పరిమితి పెట్టలేదు.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ పాపకు పదకొండేళ్లప్పుడే ఆ తల్లి మా సలహా అడిగింది. విశ్వాసులు కోర్టుకెక్కకూడదని, పెద్దమనుషులతో మాట్లాడిస్తామని చెప్పి నాలుగేళ్లు ఆపాము. మాటలు సాగాయి గాని రూపాయి రాలేదు. భరణం దరఖాస్తు పెట్టిన తేదీనుంచి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో చెప్పింది. అంటే దరఖాస్తు పెట్టకుండా గడిపిన ఏళ్లు పోయినట్టే. మేము సమాధానం అనుకున్నది ఆ బిడ్డకు నష్టమైంది. ప్రభువు మమ్మును క్షమించును గాక.

అందుకే తల్లులకు చెబుతున్నాము: ఆలస్యం చేయవద్దు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మార్కాపురంలోగాని గిద్దలూరులోగాని కోర్టు దగ్గర న్యాయసేవా కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. బిడ్డకు 18 నిండినా అంతకుముందు పడిన బాకీ బాకీయే. కాని ప్రతి నెల బాకీకి ఏడాది లోపల వసూలు దరఖాస్తు పెట్టుకోవాలి. రాజీ కాగితం రాసుకుంటే "చదువు పూర్తయ్యేవరకు" అని రాయించండి. తండ్రి మీద కోపంతో బిడ్డను ఆయనకు దూరం చేయకండి.

తండ్రులారా, మీ కష్టం మాకు తెలియనిది కాదు. వానలు లేవు, పలకల పని తగ్గింది, హైదరాబాదులో వాచ్‌మన్ జీతంతో రెండు చోట్ల ఇల్లు గడపడం సులువు కాదు. మొత్తం ఇవ్వలేకపోతే సగం ఇవ్వండి. అదీ లేకపోతే ఫోన్ చేసి, "నా దగ్గర ఇంతే ఉందమ్మా, నువ్వు చదువు మానొద్దు" అనండి. నీళ్ల తిత్తి ఇచ్చి వెనక్కి తిరగకండి. సంఘస్థులారా, కానుకల్లో కొంత ఇలాంటి బిడ్డల ఫీజుకు కేటాయిద్దాం.

అదే 144వ సెక్షన్ తమను పోషించుకోలేని తల్లిదండ్రులను పిల్లలు పోషించాలని కూడా చెబుతోంది. రేపు మీకు వయసు మళ్లినప్పుడు ఆ బిడ్డ గడప తొక్కవలసి రావచ్చు. అబ్రాహాము చనిపోయినప్పుడు ఇస్సాకుతో కలిసి మక్పేలా గుహలో పాతిపెట్టడానికి ఇష్మాయేలు వచ్చాడు (ఆదికాండము 25:9). పంపివేయబడిన కుమారుడు తిరిగి వచ్చాడు. అది దేవుని కృప. ఆ కృపను పరీక్షించకుండా, బిడ్డలు మన ముందు ఉండగానే మన వంతు మనం చేద్దాం.

ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.