ఫిట్‌కూ అన్‌ఫిట్‌కూ నడుమ

కాసిపేట బొగ్గు బాయిల్లో పనిచేసే మనిషి గురించి కంపెనీ వైద్యం చెప్పేది రెండే మాటలు: ఫిట్, అన్‌ఫిట్. కొలువు ఉన్నన్నాళ్లు కొన్నేళ్లకోసారి పరీక్షలు చేస్తారు. పని చేతకాకపోతే కొత్తగూడెం మెడికల్ బోర్డు తేల్చాలి. కొడుకుకు వచ్చే వారసత్వ ఉద్యోగం ఆ తీర్పుమీదే ఆధారపడుతుంది కాబట్టి కాలనీల్లో బోర్డు ముచ్చట ఎప్పుడూ వేడిమీదే ఉంటుంది. 61 ఏళ్లకు రిటైరయ్యాక ఆ కొలతలు ఆగిపోతాయి. చేతిలో ఆస్పత్రి కార్డు ఉంటుంది గానీ, జబ్బు చేస్తేనే దానికి పని.

ఆ రెండు మాటల నడుమ, మంచాన పడకముందే సత్తువ జారిపోయే దశ ఒకటుంది. డాక్టర్లు దాన్ని ఫ్రెయిల్టీ అంటారు. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం దానికి ఐదు గుర్తులు పెట్టింది: కావాలనుకోకుండానే బరువు తగ్గడం, తీరని అలసట, పిడికిట్లో పట్టు సడలడం, నడక మందగించడం, ఒంటికి పని తగ్గడం. మూడు కనబడితే ఫ్రెయిల్టీ. ఒకటో రెండో అయితే దాని అంచున ఉన్నట్టు. ఈ కొలత మనకు యథాతథంగా సరిపోదు. బాయిలో మోకాళ్లు అరగదీసుకున్నవాడు, ఊపిరితిత్తుల్లో దుమ్ము నింపుకున్నవాడు ఎలాగూ మెల్లగానే నడుస్తాడు.

జపాన్ దారి మనకు దగ్గర. అక్కడి బొగ్గు పట్నం యుబారిలో 1960 నాటికి లక్షమందికి పైగా ఉండేవాళ్లు. 1990లో ఆఖరి గని మూతపడింది. 2007కల్లా మున్సిపాలిటీ దివాలా తీస్తే 171 పడకల ఆస్పత్రి 19 పడకల క్లినిక్‌గా కుదించుకుపోయింది. ఇప్పుడు ఊళ్లో సగంమందికి పైగా 65 దాటినవాళ్లే. అలాంటిచోట మనిషి పడిపోయేదాకా ఆగితే చేర్చడానికి మంచమే ఉండదు. 2020 ఏప్రిల్ నుంచి ఆ దేశంలో 75 దాటినవాళ్ల ఆరోగ్య పరీక్షలో 15 ప్రశ్నలు చేర్చారు. ఆర్నెల్లలో రెండుమూడు కిలోలు తగ్గారా? గట్టి పదార్థాలు నమలడం కష్టమవుతోందా? ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా? వారానికోసారైనా గడప దాటుతున్నారా? ఏ యంత్రమూ అక్కర్లేదు.

మన ఆశా కార్యకర్తల ఫారంలోనూ 60 దాటినవాళ్లకు నాలుగు ప్రశ్నలున్నాయి. నిలబడితే తూలుతున్నారా అన్నదొక్కటి వదిలేస్తే, మిగతావి చేజారినదాని గురించే: కదల్లేని వైకల్యం ఉందా, తిండికీ స్నానానికీ ఇంకొకరి సాయం కావాలా, అయినవాళ్ల పేర్లు మరుస్తున్నారా. జపాన్ అడిగేది అంతకు ముందు మెట్టు. ఆ మెట్టుమీద పప్పూ గుడ్డూ పెంచి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం సాధన చేయిస్తే, పోయిన సత్తువలో కొంతైనా వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఆ ఫారానికి జపాన్ ప్రశ్నలు నాలుగు కలిపితే, మొదట అడగాల్సింది ఇల్లాళ్లనే. ఫ్రెయిల్టీ ఆడవాళ్లలోనే ఎక్కువ. పైగా బాయి దిగనివాళ్లకు ఆ ఫిట్, అన్‌ఫిట్ పరీక్ష కూడా ఎన్నడూ లేదు.