ఫిట్టర్ చేతికి అందని మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్

సంపాదకుల వారికి,


కర్మాగారాల్లో కంప్యూటరీకరణ గురించి మీ గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. యంత్రాల మరమ్మతు లెక్కలు రిజిస్టర్ల నుంచి సాఫ్ట్‌వేర్‌లోకి మారితే చాలు, బ్రేక్‌డౌన్లు తగ్గిపోతాయన్న ధోరణిలో సాగింది. నేను బల్క్ డ్రగ్ కంపెనీల్లో మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. సాఫ్ట్‌వేర్ కావాలనే నేనూ పోరాడాను. అయితే మన దగ్గర అది చాలాచోట్ల ఆడిటర్ కోసం నడుస్తోంది తప్ప యంత్రం కోసం కాదు. పనిచేసిన ఫిట్టరే, తనకు వచ్చిన భాషలో, ఆ పూటే అందులో రాసే ఏర్పాటు లేకపోతే ఎన్ని లక్షలు పెట్టి కొన్నా బూడిదలో పోసిన పన్నీరే.

తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. పెద్ద కంపెనీల్లో ఎక్కువగా శాప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ప్రతి పంపుకూ, రియాక్టర్‌కూ, చిల్లర్‌కూ అందులో ఒక నంబరు. ఏ పని ఎన్నాళ్లకోసారి, లేదా ఎన్ని గంటలు నడిచాక చెయ్యాలో ముందే ఎక్కించి పెడతారు. గడువు రాగానే వర్క్ ఆర్డర్ దానంతటదే పుడుతుంది. ఇది ప్రివెంటివ్. యంత్రం ఆగినా, కారినా, వింత శబ్దం చేసినా ప్రొడక్షన్ వాళ్లు నోటిఫికేషన్ వేస్తారు. దాని మీద ఇంకో ఆర్డర్ తయారవుతుంది. ఇది కరెక్టివ్. రెండిట్లోనూ ఆర్డర్ మీదే స్టోర్స్ నుంచి స్పేర్లు తీసుకుంటారు, పని గంటలు రాస్తారు, చివరికి ‘టెకో’ చేస్తారు, అంటే సాంకేతికంగా పని అయిపోయిందని మూసేస్తారు. చిన్న యూనిట్లు ఇంత ఖర్చు భరించనక్కర్లేదు. ఓడూ కమ్యూనిటీ ఎడిషన్, ముంబై సంస్థ ఫ్రాపే తయారుచేసిన ఈఆర్‌పీనెక్స్ట్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లలో ఇవే పనులు లైసెన్స్ రుసుము లేకుండా చేసుకోవచ్చు. కాబట్టి సాధనం లేదనడానికి వీల్లేదు.

ఇక నెలాఖరులో ఏం జరుగుతుందో చూడండి. ప్లానింగ్ గదిలో డేటా ఎంట్రీ కుర్రాడు చెక్‌లిస్టుల కట్ట ముందేసుకుని వరసపెట్టి ఆర్డర్లు మూసేస్తుంటాడు. బ్రైన్ పంపు బేరింగ్‌కు గ్రీజు పెట్టారా? ఓకే. కప్లింగ్ అలైన్‌మెంట్ చూశారా? ఓకే. వైబ్రేషన్? నార్మల్. అదే పంపు దగ్గరికి వెళ్లి చూస్తే గ్రీజు నిపుల్ మీద కిందటి ఆడిట్‌కు ముందు వేసిన పెయింటు చెక్కు చెదరకుండా ఉంటుంది. గ్రీజు గన్ ఒక్కసారి తగిలినా ఆ పెయింటు నిలవదని మెయింటెనెన్స్ వాళ్లెవరికైనా తెలుసు.

తప్పు ఫిట్టర్‌దంటే నేను ఒప్పుకోను. బ్యాచ్ నడుస్తోంది కాబట్టి ప్రొడక్షన్ వాళ్లు పంపు ఆపనివ్వరు. స్టాండ్‌బై పంపు మీదికి మారుద్దామా అంటే దాని ఇంపెల్లర్ ఎప్పుడో పీకి వేరే పంపుకు బిగించి ఉంటారు. పని చెయ్యకపోతే ఆర్డర్ ఓవర్‌డ్యూ జాబితాలో ఎర్రగా వెలుగుతుంది. ఆ ఎరుపు రివ్యూ మీటింగులో తెర మీద పడితే చీవాట్లు తినేది మెయింటెనెన్స్ హెడ్డే కానీ పంపు ఆపనివ్వని వాళ్లు కాదు. అందుకని అందరూ కలిసి దాన్ని పచ్చగా మార్చేస్తారు. కంప్లయన్స్, అంటే గడువులోగా పూర్తయిన పనుల శాతం, నూటికి నూరు దరిదాపుల్లో ఉంటుంది. పంపు మాత్రం ఓ అర్ధరాత్రి ఆగిపోతుంది.

ఆగిపోయాక రాసేదీ అంతే. ఇంగ్లీషులో ఒక డ్రాప్‌డౌన్ జాబితా ఉంటుంది, అందులో అందరికీ ఇష్టమైనది అట్టడుగున ఉండే ‘అదర్స్’. సక్షన్ స్ట్రైనర్ పూడిపోయి పంపు డ్రై రన్ అయిందని, ఆ వేడికి మెకానికల్ సీల్ ఫేస్ పగిలిందని ఫిట్టర్‌కు తెలుసు. షిఫ్ట్ ఇన్‌ఛార్జికి చెప్తాడు కూడా. రికార్డులోకి ఎక్కేది మాత్రం ‘సీల్ లీక్, రీప్లేస్డ్’ అన్న మూడు మాటలే. కొన్నాళ్లకు మళ్లీ అదే సీల్, మళ్లీ అవే మూడు మాటలు. వేల రూపాయల సీళ్లు మారుస్తూ పోతాం కానీ స్ట్రైనర్ శుభ్రం చేసే పని ప్లాన్‌లోకి రాదు.

కాగితం మీద పూర్తయిన పని ఎంత దూరం తీసుకెళ్తుందో విమానయానంలో ఒక కేసుంది. 2000 జనవరి 31న అలాస్కా ఎయిర్‌లైన్స్ 261 విమానం కాలిఫోర్నియా తీరానికి దగ్గర్లో పసిఫిక్‌లో కూలి 88 మంది చనిపోయారు. తోక భాగంలో స్టెబిలైజర్‌ను కదిపే జాక్‌స్క్రూ నట్ మరలు గ్రీజు చాలక అరిగి ఊడిపోయాయని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. మొదట్లో కొన్ని వందల గంటలకోసారి పెట్టే గ్రీజు గడువును విమాన సంస్థ పెంచుకుంటూ పోయి 1996 నాటికి 8 నెలలకోసారికి తెచ్చింది. చివరిసారి గ్రీజు పెట్టినట్టు రికార్డు ఉంది. పనిచేసిన మెకానిక్ గంట పట్టిందన్నాడు, తయారీదారు అంచనా నాలుగు గంటలు. రికార్డులో పని గంటలను నిజాయితీగా రాయించి చూసేవాళ్లుంటే ఆ తేడా ఎవరి కంటనైనా పడేది.

అలాగని ప్రివెంటివ్ పనులు పెంచుతూ పోవడమూ మందు కాదు. మన ఫార్మాలో అదో అలవాటు. బ్రేక్‌డౌన్ వస్తే దిద్దుబాటు చర్య కింద మూడు నెలల చెకప్‌ను నెలకు మార్చేసి ఫైలు మూసేస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కోస్టల్ కమాండ్ లిబరేటర్ విమానాల లెక్కలు చూసిన వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త, 50 గంటలకోసారి చేసే తనిఖీ అయిన వెంటనే రిపేర్లు ఎక్కువవుతున్నాయని కనిపెట్టాడు. బాగున్నదాన్ని విప్పి బిగించడమే చేటైంది. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నౌలన్, హీప్ ఇచ్చిన నివేదిక ప్రకారం వాళ్లు పరిశీలించిన భాగాల్లో 89 శాతానికి వయసును బట్టి మార్చడం వల్ల లాభమే లేదు. మన పంపులకు ఆ శాతాలు వర్తిస్తాయని నేననను. మన పంపుల సంగతి మన రికార్డులే చెప్పాలి, ఆ రికార్డుల్లో ఉన్నది ‘అదర్స్’.

సాఫ్ట్‌వేర్ నిజంగా చెయ్యగలిగిన మేలు ఇంకోటుంది, దాన్ని మనవాళ్లు వాడుకోవడం లేదు. 1984 డిసెంబరులో భోపాల్‌లో గ్యాస్ బయటికొచ్చిన రాత్రి శీతలీకరణ యూనిట్ ఆపేసి ఉంది, ఫ్లేర్ టవర్ గొట్టం మరమ్మతు కోసం విప్పి ఉంది, స్క్రబ్బర్ స్టాండ్‌బైలో ఉంది. ఒక్కోదానికీ విడివిడిగా చూస్తే ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది. అన్నీ ఒకేసారి పనిచెయ్యని స్థితిలో ఉన్నాయని ఒక తెర మీద చూపించడం ఇవాళ ఏ మాత్రం కష్టం కాదు. అయితే అసలు కొలవనిదాన్ని ఏ తెరా చూపలేదు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడ్డాక ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ, స్టైరీన్ నిల్వ చేసిన ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలుస్తున్నారని, పై పొరల వేడి తెలిసే ఏర్పాటే లేదని తేల్చింది.

ఫిట్టర్లకు సాఫ్ట్‌వేర్ రాదన్నది మేనేజ్‌మెంట్లు ఎప్పుడూ చెప్పే మాట. టీ కొట్టులో ఫోన్‌పేతో డబ్బులు కట్టి, యూట్యూబ్ చూసి మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ ఫాల్ట్ కోడ్ అర్థం చేసుకునే వాళ్లకు ఫోనులో రెండు వాక్యాలు రాయడం రాదా? రాయలేకపోతే మాట్లాడి రికార్డు చెయ్యనివ్వండి. యంత్రం మీద క్యూఆర్ స్టిక్కర్ ఉంటే నంబరు వెతికే బాధా తప్పుతుంది. పాశమైలారం, జీడిమెట్ల పారిశ్రామికవాడల్లో కాంట్రాక్టు పనివాళ్లు ఒడిశా, బిహార్‌ల నుంచి వస్తున్నారు కాబట్టి తెలుగుతో పాటు ఒడియా, హిందీ కూడా ఉండాలి.

రెగ్యులేటర్ ఒప్పుకోరేమోనన్న భయం ఇంకొకటి. నిజానికి అమెరికా ఎఫ్‌డీఏ ‘21 సీఎఫ్ఆర్ పార్ట్ 11’ నిబంధనలు గానీ, డేటా ఇంటెగ్రిటీ సూత్రాలు గానీ కోరేది ఇదే. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో తెలియాలి, చేసినవాడు చేసిన సమయానికే రాయాలి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్‌తో షిఫ్ట్ మొత్తం లాగిన్ కావడం, నెలాఖరులో కట్టగట్టి మూసెయ్యడమే ఆ నిబంధనలకు విరుద్ధం.

అన్నిటికన్నా నేను గట్టిగా కోరేది ‘చెయ్యలేదు’ అని రాసే వీలు. యంత్రం ఇవ్వలేదు, స్పేర్ లేదు, మనిషి లేడు: ఈ మూడింట్లో ఏదో ఫిట్టర్ భయం లేకుండా నొక్కగలగాలి. యంత్రం ఇవ్వనందుకు వాయిదా పడ్డ పని ప్రొడక్షన్ మేనేజర్ ఖాతాలో ఎర్రగా కనబడాలి, స్పేర్ లేక ఆగింది పర్చేజ్ వాళ్ల ఖాతాలో పడాలి. మెయింటెనెన్స్ హెడ్‌ను కంప్లయన్స్ శాతంతో కాక, అదే యంత్రం అదే కారణంతో మళ్లీ ఎన్నిసార్లు ఆగిందన్న లెక్కతో నిలదియ్యాలి. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. ఉన్నదాంట్లో సెట్టింగులు మార్చి, మీటింగులో తెర మీద వేసే పట్టిక మారిస్తే సరిపోతుంది.

ఫ్యాక్టరీల శాఖ అధికారులకు, కస్టమర్ల తరఫున వచ్చే ఆడిటర్లకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఈసారి తనిఖీకి వెళ్లినప్పుడు పూర్తయిన పనుల నివేదిక పక్కన పెట్టి, వాయిదా పడ్డ పనుల జాబితా అడగండి. అందులో ఒక్క పని కూడా లేదంటే ఆ ప్లాంటులో ఇంకో రోజు ఉండి చూడండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెయింటెనెన్స్ ఇంజనీర్,
సంగారెడ్డి