కిటికీ వేరు, గాదె వేరు



నాదర్‌గుల్‌లో మా ఇంట మూడు కంప్యూటర్లున్నాయి. అబ్బాయిది విండోస్, అమ్మాయిది మాక్, నాది పాత లినక్స్. సంఘపు బాప్తిస్మ రిజిస్టరు నా దానిలోనే ఉంది.

మూడింటికీ వైఫై ఒక్కటే అయినా, ఫైళ్లు పంచుకోవాలంటే అందరికీ తెలిసిన భాష ఒకటి ఉండాలి. సంతలో లంబాడీవారు, ఉర్దూవారు తెలుగులో బేరమాడుకొన్నట్లే! ఇక్కడ ఆ భాష ఎస్.ఎం.బి. అది విండోస్‌కు సహజంగా వచ్చు. 2013 నుండి మాక్ కూడా ప్రధానంగా దానినే వాడుతోంది. లినక్స్‌కు దానిని నేర్పేది సాంబా. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో విడుదల చేసిన ఉచిత ప్రోగ్రాము అది.

సాంబాతో రిజిస్టరు ఫోల్డరు ఒక్కటే పంచి, పాస్‌వర్డు పెట్టాము. పిల్లలు చదవగలరు గాని మార్చలేరు. ఇక భయం లేదనుకొన్నాను.

ఒకనాడు కరెంటు పోయి వచ్చాక నా కంప్యూటరు లేవలేదు. పిల్లల తెరలపైనా ఫోల్డరు మాయం! వారు ఇన్నాళ్లు చూసింది నా దానిలోని ఫైలునే. వారి దగ్గర వేరే ప్రతి లేదు. సాయంత్రానికి అది లేచింది గనుక సరిపోయింది.

ఆ రాత్రే పిల్లల కంప్యూటర్లలోనికి, ఒక పెన్‌డ్రైవులోనికి నకలు తీశాము. పంచుకోవడం కిటికీ తెరవడమే. దాచుకోవడానికి గాదె వేరే కావాలి. మీ ఇంటి కాగితాలకు, ఫోటోలకు రెండవ ప్రతి ఉన్నదా? నేడే చూడండి.