స్నానాల గదిలో విద్యుత్ భద్రత: ఎంసీబీ ఒక్కటే చాలదు

చలికాలంలో గీజర్లు, హీటర్ రాడ్ల వాడకం పెరుగుతుంది. ఎంసీబీ ఉందన్న భరోసాతో అనేక కుటుంబాలు నిశ్చింతగా ఉంటాయి. అయితే గీజరుకు సాధారణంగా అమర్చే 16 ఆంపియర్ల ఎంసీబీ అధిక లోడు, షార్ట్ సర్క్యూట్‌ల నుంచి తీగలను రక్షిస్తుందే తప్ప మనిషిని కాదు. శరీరం గుండా 30 మిల్లీ ఆంపియర్లకు మించి విద్యుత్తు ప్రవహిస్తే ప్రాణాపాయం కలగవచ్చు. ఎంసీబీ సామర్థ్యం అంతకు 500 రెట్లకు పైమాటే.

ఈ లోటును 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తీరుస్తుంది. ఫేజ్, న్యూట్రల్ తీగల్లో ప్రవహించే విద్యుత్తు మధ్య ఆ మేరకు తేడా వస్తే, క్షణంలోపే సరఫరాను నిలిపివేస్తుంది. అలాగని ఎర్తింగ్‌కు అది ప్రత్యామ్నాయం కాదు. దాని పనితీరును టెస్ట్ బటన్ నొక్కి తరచూ సరిచూడాలి. పాత ఇళ్లలో, అద్దె ఇళ్లలో గీజరు బిగించే ముందే ఈ రెండు ఏర్పాట్లూ ఉన్నాయో లేదో నిర్ధారించుకోవడం అత్యవసరం.