యాసను దోషమంటే నష్టం ఎవరికి?
దళితవాడ పిల్ల 'శనివారం'ను 'సనివారం' అంటే బడిలో వెక్కిరింపు. అది ఇంటి పలుకుబడి, దోషం కాదు. అయిదేళ్లు దాటినా 'కాళ్లు'ను 'తాళ్లు' అనే పిల్ల సంగతి వేరు. ఆ పిల్లకు స్పీచ్ థెరపీ కావాలి: ముందు క, త తేడా చెవితో పట్టించాలి, తర్వాత శబ్దం, మాట, వాక్యం. ఇంట్లో రోజూ సాధన కూడా. ఈ రెంటికీ తేడా చూడని టీచరు 'వీళ్ల మాటే అంత' అని వదిలేస్తే, పరీక్షకే పంపరు.

2016 వికలాంగుల హక్కుల చట్టం మాట, భాషా వైకల్యాన్ని గుర్తించింది. అయితే చికిత్సకు వారం వారం జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే? తెలంగాణలో మహిళలకు బస్సు ఉచితమే, తల్లికి పోయిన కూలి ఎవరిస్తారు? మండలాల్లోని భవిత కేంద్రాల్లోనే స్పీచ్ థెరపిస్టు కావాలని, పరీక్ష పిల్లల ఇంటి పలుకుబడిలోనే జరగాలని విద్యార్థి సంఘాలు అడగాలి.