గొంతుకు బదిలీ లేదు



బదిలీ ఉత్తర్వు వచ్చిన మర్నాడు ఇల్లు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అట్టపెట్టెలు వస్తాయి. గిన్నెలకు పాత పేపర్లు చుడతారు. టీసీ కోసం నాన్నగారో అమ్మో బడికి వస్తారు. నా పదకొండేళ్ల ఉద్యోగంలో ఇది నాకు ఐదో ఊరు. కాబట్టి ఆ సర్దుడు నాకూ అలవాటే. ఎంత జాగ్రత్తగా సర్దినా ప్రతిసారీ ఏదో ఒకటి పగులుతుంది, ఏదో ఒకటి దారిలో పోతుంది.

మీలో చాలామందికి అలా పోయినది ఒకటుంది. అది తెలుగును బిగ్గరగా చదివే గొంతు. ఇంట్లో గలగలా మాట్లాడతారు. పరీక్షలో చక్కగా రాస్తారు. పుస్తకం పట్టుకుని లేచి చదవమంటే మాత్రం తల దించుకుంటారు. ఈ తప్పు మీది కాదనీ, తెలుగు పంతుళ్లమైన మాదనీ నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

మూడేళ్ల క్రితం, ఇంకో ఊళ్లో, నా ఏడో తరగతిలోకి ఒక అబ్బాయి వచ్చాడు. పుట్టింది ఒక రాష్ట్రంలో, అక్షరాలు దిద్దింది ఇంకో రాష్ట్రంలో. పాఠం చదవమన్నాను. 'వెళ్ళాడు'ను 'వెలాడు' అన్నాడు. 'పళ్ళు' కాస్తా 'పలు' అయింది. తరగతి నవ్వింది. నేను నవ్వలేదు కానీ, ప్రతి మాటకూ ఆపి దిద్దాను. అదే నా కర్తవ్యం అనుకున్నాను. ఆ తర్వాత తన వంతు వచ్చినప్పుడల్లా "గొంతు నొప్పి మేడమ్" అనేవాడు. రాతపరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నాడు. ఏడాది చివర వాళ్ల నాన్నగారికి మళ్ళీ బదిలీ అయింది. ఆ అబ్బాయి తెలుగు చదవగా నేను మళ్ళీ వినలేదు.

ఆ రోజుల్లోనే, ఒక సెలవు రోజున పాత సినిమా చూస్తూ జగ్గయ్యగారి గొంతు విన్నాను. ఆయన గురించి చదవడం అప్పుడే మొదలుపెట్టాను. మీ తాతయ్యను అడగండి, 'కంచు కంఠం' అంటే ఎవరని. వెంటనే ఆయన పేరే చెబుతారు.

కొంగర జగ్గయ్యది తెనాలి దగ్గర మోరంపూడి. ఆయన చిన్నతనంలో తొలిసారి వేషం కట్టింది ఒక హిందీ నాటకంలో. బెంగాలీ రచయిత ద్విజేంద్రలాల్ రాయ్ రాసిన 'సీత' నాటకం హిందీలో ఆడితే, అందులో లవుడి పాత్ర వేశారు. తెనాలి పిల్లవాడు, బెంగాలీ కథ, హిందీ మాటలు! మన తరగతి గదిలాగే ఉంది కదూ. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివేటప్పుడు ఎన్.టి.రామారావుగారితో కలిసి నాటకాలు ఆడారు. కొంతకాలం దుగ్గిరాలలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆ తర్వాత ఢిల్లీ వెళ్లి ఆకాశవాణిలో మూడేళ్లు తెలుగు వార్తలు చదివారు.

ఈ ఢిల్లీ ఉద్యోగం దగ్గర కాస్త ఆగుదాం. రంగస్థలం మీద నటుడికి వేషం ఉంటుంది, చేతులుంటాయి, కళ్లుంటాయి. ఎదుట జనం ఉంటారు. వార్తలు చదివే గదిలో ఇవేవీ లేవు. ఒక కాగితం, ఒక మైకు, అంతే. వినేవాళ్లు ఎక్కడో వందల మైళ్ల దూరంలో ఉంటారు. ఒక్క మాట నలిగినా వాళ్లకు అర్థం కాదు, మళ్ళీ అడగడానికీ వీలుండదు. చుట్టూ హిందీ వినబడే ఊళ్లో కూర్చుని, రోజూ తెలుగును ఒత్తులతో, దీర్ఘాలతో, ఆగవలసిన చోట ఆగుతూ చదవడం సామాన్యమైన సాధన కాదు.

1952లో 'ప్రియురాలు' చిత్రంతో ఆయన సినిమాల్లోకి వచ్చారు. కథానాయకుడిగానూ వేశారు, అన్నగా, తమ్ముడిగా, డాక్టరుగా, తండ్రిగానూ వేశారు. 'అర్ధాంగి'లో దారి తప్పిన తమ్ముడు ఆయనే. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'లో తెల్లదొర రూథర్‌ఫర్డ్ ఆయనే. మనం అభిమానించే వీరుడికి ఎదురు నిలిచే పాత్ర అది. అయినా చూసినవాళ్లు ఆ దొరను మరిచిపోలేదు. ఆ నిబ్బరం సగం గొంతులోనే ఉంది.

తెరమీద ఆయన ముఖం లేని చోట కూడా ఆయన ఉన్నారు. తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన సినిమాల్లో శివాజీ గణేశన్‌కు తెలుగు గొంతు జగ్గయ్యగారిదే. తెలుగులో డబ్బింగ్ సినిమాలు 1950లో 'ఆహుతి'తో మొదలయ్యాయి. హిందీ నుంచి వచ్చిన ఆ చిత్రానికి మాటలు రాసింది మహాకవి శ్రీశ్రీ. డబ్బింగ్ ఎంత కష్టమో ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. తెలుగు అజంత భాష, అంటే మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. తమిళంలో హల్లుతో ముగిసే మాటలు ఎక్కువ. తెరమీద నటుడు 'వందాన్' అంటాడు. అప్పుడు పెదవులు విడివడి ఉంటాయి. మనం 'వచ్చాడు' అనాలి. చివర పెదవులు గుండ్రంగా ముడుచుకుంటాయి. అక్కడ 'ప'యో 'మ'యో పలికితే నటుడి పెదవులు మూసుకుంటాయి, ఇక్కడా మూసుకునే మాట పడాలి. ఆ రోజుల్లో ఫిల్మును చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కనే తెరమీద తిరగేసి తిరగేసి వేసేవారు. గొంతు ఇచ్చేవారు ఆ పెదవులు చూస్తూ, ఆ కోపమో ఏడుపో తాము తెచ్చుకుని, సరిగ్గా అంతే సేపట్లో మాట ముగించాలి. చప్పట్లు మాత్రం తెరమీది మనిషికే.

ఇంకొక్క మాట. 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు ఎన్నికై ఆయన మళ్ళీ ఢిల్లీ వెళ్లారు. రవీంద్రుని 'గీతాంజలి'ని 'రవీంద్ర గీత' పేరుతో తెలుగు చేశారు. 1992లో పద్మభూషణ్ అందుకున్నారు. 2004లో కన్నుమూశారు. తెనాలి, గుంటూరు, ఢిల్లీ, మద్రాసు... ఎన్ని ఊళ్లు మారినా, ఎన్ని వృత్తులు మారినా ఆయన వెంట తీసుకెళ్లిన సామాను ఒక్కటే, గొంతు.

"అది దేవుడిచ్చిన గొంతు, అందరికీ రాదు" అని మీరు అనవచ్చు. గొంతులోని గాంభీర్యం పుట్టుకతో వచ్చి ఉండవచ్చు. మాటలోని స్పష్టత మాత్రం నాటకంలోనూ, రేడియోలోనూ ఏళ్ల తరబడి చేసిన అభ్యాసంతో వస్తుంది. నేను మిమ్మల్ని అడిగేది ఆ రెండోదే.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న వేరు. "వచ్చే ఏడాది ఏ ఊరో తెలియదు, అక్కడ తెలుగు ఉంటుందో లేదో. ఇంత శ్రమ ఎందుకండీ?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి నా దగ్గర మార్కుల జవాబు లేదు. కానీ తెలుగు పీరియడ్ లేని ఊళ్లోనే బిగ్గరగా చదవడం ఎక్కువ అవసరం. నోట్సు అక్కర్లేదు, ట్యూషన్ అక్కర్లేదు. ఒక పుస్తకం, వినే మనిషి ఒకరు ఉంటే చాలు.

అందుకని నా సూచనలు ఇవి. ఉదయం ప్రార్థనా సమావేశంలో హిందీ, ఇంగ్లీషు వార్తలు చదువుతున్నాం. వారంలో ఒక్కరోజు, రెండే నిమిషాలు, తెలుగు వార్తలు కూడా చదవనివ్వాలి. మన బడిలో ఉన్న మిగతా భాషల పిల్లలకూ అలాగే ఒక్కో రోజు ఇవ్వాలి. తెలుగు పీరియడ్‌లో మొదటి ఐదు నిమిషాలు చదవడానికే కేటాయించాలి. చదువుతున్నంతసేపూ ఎవరూ నవ్వకూడదు, పంతులమ్మ ఆపకూడదు. దిద్దవలసినవి ముగిశాక, విడిగా చెప్పాలి. ఇక ఇంటి దగ్గర, ఆదివారం ఊళ్లో ఉన్న అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసినప్పుడు "బాగున్నావా, తిన్నావా" తర్వాత ఒక పేజీ కథ చదివి వినిపించండి. వాళ్లు మీ 'ళ'ను ప్రేమగా దిద్దుతారు. అన్నాచెల్లెళ్లు కలిసి, టీవీలో ఏదైనా సినిమా పెట్టి, శబ్దం ఆపేసి, మీరే తెలుగులో మాటలు చెప్పి చూడండి. జగ్గయ్యగారి కష్టం పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఈ ఏడాది నా తరగతుల్లో ఈ పద్ధతి మొదలుపెట్టాను. తప్పులు పోలేదు, కొన్ని అలాగే ఉన్నాయి. కానీ జూలై నుంచి ఇప్పటిదాకా 'గొంతు నొప్పి' అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ అబ్బాయి ఇప్పుడు పదో తరగతిలో ఉండాలి. ఏ ఊళ్లో ఉన్నాడో నాకు తెలియదు. ఈ పత్రిక ఎప్పుడైనా అతని చేతికి వస్తే, ఈ పేజీని ఒక్కసారి బిగ్గరగా చదవమని అడుగుతున్నాను. ఈసారి నేను మధ్యలో ఆపను, నాన్నా.